కలరా: పేగులో బ్యాక్టీరియా ఎత్తుగడ

కలరాకు కారణం విబ్రియో కలరే. కామా ఆకారంలో ఉండే గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా. 1884లో రాబర్ట్ కోచ్ దీన్ని కలకత్తాలో వేరుచేశాడు.

కలుషిత నీటితో లోపలికి వెళ్లినవాటిలో ఎక్కువ భాగం జీర్ణాశయంలోని ఆమ్లానికే చనిపోతాయి. మిగిలినవి కశాభంతో ఈదుతూ చిన్నపేగు చేరి, జిగురు పొరను దాటి, పైలై అనే సన్నని నూగుతో అక్కడ తిష్ఠ వేస్తాయి. కణాల్లోకి మాత్రం చొరబడవు. ఈ విషయం బాగా గుర్తుంచుకోవాలి. అవి వదిలే విషం పేగు కణాల్లో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువును పెంచుతుంది. దాంతో క్లోరైడ్ అయాన్లు పేగులోకి వచ్చేస్తాయి, వాటి వెంటే నీరు. బియ్యం కడుగులాంటి విరేచనాలు అందువల్లే.

ఈ విషం ఉందని 1959లో నిరూపించింది కలకత్తా శాస్త్రవేత్త శంభునాథ్ దే. కుందేళ్ల పేగులపై ఆయన చేసిన ప్రయోగాలు నోబెల్‌కు తగినవి. కోచ్ పేరు చదివిన ప్రతి విద్యార్థీ ఆయన పేరూ చదవాలి.

విషపు జన్యువును ఈ బ్యాక్టీరియాకు అందించింది ఒక బ్యాక్టీరియోఫేజ్ (బ్యాక్టీరియాకు సోకే వైరస్). మనిషి బయట, నదీముఖాల ఉప్పునీటిలో ఈ బ్యాక్టీరియా కోపిపాడ్లనే చిన్న జలచరాల కైటిన్ పెంకులను అంటిపెట్టుకుని బతుకుతుంది.

కలరా సోకినా గ్లూకోజ్‌తో పాటు సోడియంను పీల్చుకునే శక్తి పేగుకు ఉంటుంది. ఉప్పు, గ్లూకోజ్ కలిపిన తాగే ద్రావణం ఓఆర్ఎస్ పనిచేసేది దీని ఆధారంగానే. 1971లో దిలీప్ మహలనబిస్ బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో దీన్ని పెద్దఎత్తున వాడి ఎందరినో బతికించారు.