అవతలివాడు అవునంటేనే లెక్క

"నేను బ్రెజిల్‌తో మాట్లాడాను" అని ఒక హామ్, అంటే సరదాకు సొంత సెట్టుతో లోకమంతటితో మాట్లాడే రేడియో ఆపరేటర్, ఎంత గట్టిగా చెప్పినా మార్కులు పడవు. "అవును, ఫలానా తేదీన, ఫలానా టైముకు సిద్దిపేట నుంచి ఈ మనిషి నాతో మాట్లాడాడు" అని బ్రెజిల్ నుంచి ఒప్పుకోలు రావాలి. వస్తే ఒకటి పడుతుంది. రాకపోతే తెల్లవార్లూ మేలుకుని గొంతు చించుకున్నా సున్నాయే.

డీఎక్స్‌సీసీ అని ఒక అవార్డు ఉంది. అమెరికాలోని హామ్‌ల సంఘం 1937 నుంచి నడుపుతోంది. వాళ్ల జాబితాలో ప్రపంచం మొత్తం 340 చోట్లు. అందులో 100 చోట్ల నుంచి ఒప్పుకోళ్లు సంపాదిస్తే సర్టిఫికెట్ ఇస్తారు. అన్నీ దేశాలు అనుకోకండి. మన దేశమే అందులో మూడు చోట్లుగా ఉంది: ప్రధాన భూభాగం, అండమాన్ నికోబార్, లక్షద్వీప్. కొత్తవాళ్లకు వంద మరీ దూరం అనిపిస్తే ఆరు ఖండాలకు ఒక అవార్డు ఉంది, ఆరు ఒప్పుకోళ్లు చాలు. పిచ్చి ముదిరినవాళ్లకు ఆనర్ రోల్ ఉంది, 340లో కనీసం 331 ఉండాలి. ఉత్తర కొరియా నుంచి ఎవరైనా ఒకరు గాలిలోకి వస్తారేమోనని ఏళ్ల తరబడి చెవులు రిక్కించి కూర్చున్నవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు.

దీనివల్ల డబ్బు రాదు, ఉద్యోగమూ రాదు. అయినా ఇంటర్ చదివే పిల్లలకూ, గ్రూప్స్‌కు ప్రిపేరయ్యే వాళ్లకూ, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకూ నేను దీని గురించి చెబుతుంటాను. చేసిన పనిని అవతలి మనిషి చేత ఒప్పించుకోవడం అనేది మన చదువుల్లో ఎక్కడా నేర్పరు. హామ్‌లకు అది మొదటి రోజే మొదలవుతుంది.

సిద్దిపేటలో మొదలుపెట్టడానికి పెద్ద ఏర్పాట్లేం అక్కర్లేదు. 12 ఏళ్లు నిండితే కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ నిర్వహించే పరీక్ష రాయొచ్చు. కింది స్థాయి లైసెన్సుకు మోర్స్ కోడ్ కూడా అవసరం లేదు. లైసెన్సు చేతికి రావడానికి మాత్రం ఓపిక పట్టాలి, సర్కారు వ్యవహారం కదా. 14 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడాలంటే డాబా మీద దాదాపు 10 మీటర్ల తీగ మధ్యలో కోసి కడితే యాంటెన్నా అయిపోతుంది. కోతులు దాన్ని పట్టుకుని ఊగకుండా చూసుకోవడం మీ తంటా.

ఒప్పుకోలుకు పాత రూపం క్యూఎస్‌ఎల్ కార్డు. పోస్టుకార్డంత ఉంటుంది. ఒకవైపు కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేరు) పెద్ద అక్షరాల్లో, దాని వెనక ఊరి చెరువో గుడో కొండో. రెండోవైపు చిన్న పట్టీలో ఎవరితో మాట్లాడారు, ఏ తేదీ, ఏ సమయం, ఏ బ్యాండు, ఏ పద్ధతి, సిగ్నల్ ఎంత బాగా వినిపించింది అని గడులుంటాయి. ఒక గడిలో కొట్టి దిద్దినట్టు కనిపించినా అవార్డు పరిశీలకులు ఆ కార్డును పక్కన పడేస్తారు.

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది సమయం గడిలో. ప్రపంచంలోని హామ్‌లంతా ఒకే గడియారం వాడతారు, దాన్ని యూటీసీ అంటారు. మన గడియారం దానికన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది. సోమవారం పొద్దున 5:10కి మాట్లాడితే కార్డు మీద ఆదివారం 23:40 అని రాయాలి. గంటలే కాదు, తేదీ కూడా మారిపోతుంది. ఇప్పుడు కార్డుల పని చాలావరకు కంప్యూటర్ మీదికి వచ్చింది. 2003లో మొదలైన లాగ్‌బుక్ ఆఫ్ ది వరల్డ్‌లో ఇద్దరూ తమ తమ లాగ్‌లు, అంటే సంభాషణల చిట్టాలు, ఎక్కిస్తారు. కాల్‌సైన్, బ్యాండు, పద్ధతి కలిసి, సమయంలో తేడా అరగంట దాటకపోతే సంభాషణ ఖాయమైనట్టు. మన టైముతో ఎక్కించినవాడి లాగ్ మాత్రం ఎన్నేళ్లైనా జత దొరక్క అలాగే పడుంటుంది. అవతలివాడు లాగ్ ఎక్కించలేదని ఇవతలివాడు, ఇవతలివాడే ఎక్కించలేదని అవతలివాడు అనుకుంటూ ఉంటారు.

ఆఫీసుల్లో జరిగే గొడవల్లో సగం ఇలాంటివే. "జల్దీ పంపిస్త సార్" అంటాడు కుర్రాడు. వాడి లెక్కలో జల్దీ అంటే శుక్రవారం. సారు లెక్కలో మధ్యాహ్నం. ఇద్దరూ అబద్ధం ఆడలేదు, ఇద్దరి గడియారాలు వేరు. పని ఒప్పుకునే ముందే ఇద్దరికీ ఒకే అర్థం వచ్చే మాటలో చెప్పండి: రేపు సాయంత్రం నాలుగింటికి, ఫలానా ఫైలు, ఇన్ని పేజీలు.

హామ్‌లు భయపడే మాట ఇంకోటుంది: నాట్ ఇన్ లాగ్. అంటే, నీ పేరు నా పుస్తకంలో లేదు అని. ఎక్కడో అరుదైన దీవి నుంచి ఒకడు పిలుస్తుంటాడు, వందలమంది ఒకేసారి మీద పడతారు. ఆ గోలలో వాడు ఎవరికో జవాబిస్తే, మనకే ఇచ్చాడని సంబరపడి రాసుకుంటాం. లేకపోతే మన కాల్‌సైన్‌లో ఒక అక్షరం వాడికి తప్పుగా వినపడుతుంది, మనం సరిచేయకుండా వదిలేస్తాం. నెలల తర్వాత జవాబు వస్తుంది, నువ్వు నా లాగ్‌లో లేవని. అందుకే అనుభవం ఉన్నవాడు కాల్‌సైన్‌లోని ఒక్కో గుర్తునూ విక్టర్, యూనిఫాం, టూ అంటూ విడివిడిగా పలికి, అవతలివాడు తిరిగి సరిగ్గా చెప్పేదాకా కదలడు.

మన దగ్గర ఈ ముచ్చట ఇట్లా ఉంటుంది:

"మొన్ననే చెప్పిన గద సార్."

"ఎప్పుడు చెప్పినవ్? నాకైతే యాదికి లేదు."

వాట్సాప్‌లో బ్లూ టిక్ పడితే చూశారని మాత్రమే అర్థం, ఒప్పుకున్నారని కాదు. ముఖ్యమైన మాట ఫోన్లో మాట్లాడుకుంటే, పెట్టేసిన వెంటనే రెండు లైన్ల మెసేజ్ పంపండి. "మనం ఇలా అనుకున్నాం సార్, సరేనా?" దానికి "సరే" అని వస్తేనే అది మీ లాగ్‌లో పడ్డట్టు. ఇంటర్న్‌షిప్ చేశారా? అయిపోయిన వారంలోనే ఏం చేశారో రాయించిన లెటర్ తీసుకోండి. ఆర్నెల్లు పోతే మీ పైవాడు వేరే కంపెనీలో ఉంటాడు, మీరు చేసిన పని గాలిలో కలిసిపోతుంది.

ఇక ప్రాంతాల సంగతి. ఆరు ఖండాల అవార్డు మీద కన్నేసిన సిద్దిపేట హామ్‌కు ఆసియా చేతికందే దూరంలోనే ఉంటుంది. యూరప్‌లో హామ్‌ల సంఖ్య ఎక్కువ కాబట్టి అదీ త్వరగానే దొరుకుతుంది. ఏడిపించేది దక్షిణ అమెరికా. సిద్దిపేట కింద భూమిని నిట్టనిలువునా తవ్వుకుంటూ పోతే తేలేది పెరూకు పడమట పసిఫిక్ సముద్రంలో. అంటే ఆ ఖండం మనకు దాదాపు అవతలి వైపు. మన తీగ నుంచి బయల్దేరిన సిగ్నల్ 14 వేల కిలోమీటర్లు దాటి పోవాలి. అరిస్తే అందే దూరం కాదది, వేళ చూసుకోవాలి. పగటిపూట ఆకాశంలో ఒక పొర 7 మెగాహెర్ట్జ్ లాంటి కింది బ్యాండ్ల తరంగాలను మింగేస్తుంది. పొద్దు గుంకాక ఆ పొర పలచబడుతుంది. ఇక్కడ సంధ్యవేళ, అక్కడ తెల్లవారే వేళ కలిసిన కాసేపట్లో బలహీనమైన సిగ్నల్ కూడా ఆశ్చర్యంగా దూరం పోతుంది. ఆ కాసేపూ మెలకువగా ఉన్నవాడికి ఖండం దొరుకుతుంది. పొద్దంతా యూరప్‌తో కబుర్లాడేవాడి పుస్తకంలో పేజీలు నిండుతాయి కానీ ఖండాల లెక్క పెరగదు.

పరిచయాల లెక్కా ఇంతే. సాయంత్రం సిద్దిపేట కోమటి చెరువు కట్ట మీద నడిచేవాళ్లను ఆపి అడగండి. ఒక్కొక్కరి ఫోన్లో కొన్ని వందల నంబర్లుంటాయి. అందులో తమ కాలేజీ, తమ కులం, తమ కొలువు దాటినవి ఎన్ని? కొత్తవాళ్లను పరిచయం చేసుకోవాలంటే మన పిల్లలు మళ్లీ తమలాంటి వాళ్ల దగ్గరికే పోతారు. అక్కడ జవాబు సులువుగా వస్తుంది కాబట్టి. మీకు దక్షిణ అమెరికా ఎక్కడుందో మొదట చూసుకోండి. రైతు ఇంటి అబ్బాయికి బ్యాంకు మేనేజర్ కావచ్చు. ఇంజనీరింగ్ అమ్మాయికి కోర్టు గుమాస్తా కావచ్చు. వాళ్లకు తీరిక ఉండే వేళ తెలుసుకుని ఆ వేళకే వెళ్లండి.

ఇప్పుడు మాటకు బదులు కంప్యూటర్‌తో సిగ్నల్ పంపే ఎఫ్‌టీ8 అనే పద్ధతి నడుస్తోంది. 2017లో వచ్చింది, తయారుచేసినవాళ్లలో ఒకరు ఫిజిక్స్‌లో నోబెల్ అందుకున్న జో టేలర్. మనిషి కుర్చీలో కూర్చుంటే యంత్రమే మాట్లాడేస్తోందని పాతవాళ్లు గొణుగుతారు. నాకా గొణుగుడు సబబుగా తోచదు. తీగ కట్టింది మనిషే, వేళ చూసింది మనిషే. అవతలి నుంచి ఒప్పుకోలు రావాలన్న షరతు ఏమీ సడలలేదు.

ఇంకో లెక్క చూడండి. హామ్‌లు భూమి మొత్తాన్ని గళ్లుగా విడగొట్టారు: నిలువున ఒక డిగ్రీ, అడ్డంగా రెండు డిగ్రీలు. ఇలాంటి గళ్లు 100 సంపాదిస్తే దానికీ అవార్డు ఉంది. హైదరాబాద్ ఉన్న గడి పేరు ఎంకే97. 18 డిగ్రీల అక్షాంశ రేఖ సిద్దిపేట పట్టణానికి కాస్త దక్షిణంగా పోతుంది. అందువల్ల పట్టణం ఎంకే98లో పడింది, అదే జిల్లాలోని గజ్వేల్ ఎంకే97లోనే ఉండిపోయింది. రాజధానిలో ఉన్న హామ్‌లు ఎంతమంది పిలిచినా వినేవాడికి అదే పాత గడి. చిన్న చేతి సెట్టు పట్టుకుని సిద్దిపేట డాబా ఎక్కి ఉపగ్రహం మీదుగా పిలిచేవాడు వినేవాడికి కొత్త గడి. చిన్న ఊరు కావడం ఇక్కడ లోటు కాదు, గిరాకీ.

అయినా ఉద్యోగం ఇంటర్వ్యూల్లో మన పిల్లలు ఊరి పేరు మింగేసి "హైదరాబాద్ దగ్గర" అంటారు. సిద్దిపేటలో గొల్లభామ చీర నేసే ఇంట్లో పెరిగిన అమ్మాయి మగ్గం మీద గొల్లభామ బొమ్మ ఎలా లేస్తుందో రెండు నిమిషాలు చెబితే, బల్ల అవతల కూర్చున్నవాళ్లు ఆ రోజు విన్న వాళ్లలో ఆమెనే గుర్తుపెట్టుకుంటారు.

అరుదైన చోటికి ఎంత గిరాకీ ఉంటుందో 2004లో అండమాన్‌లో తెలిసింది. 1987 తర్వాత అక్కడి నుంచి హామ్‌లకు ప్రసారం చేసే అవకాశమే రాలేదు. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం అనుమతి సాధించి డిసెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్‌లో దిగింది. వీయూ4ఆర్‌బీఐ అనే ఆ కాల్‌సైన్ కోసం ప్రపంచం ఎగబడింది. వేలమంది లాగ్‌లో అండమాన్ అనే ఖాళీ ఆ నెలలో పూడింది. 26వ తేదీ ఆదివారం పొద్దున భూమి కంపించింది, వెనకాలే సునామీ. ఫోన్లు మూగబోయాయి. అవార్డుల కోసం తెచ్చిన ఆ సెట్లే, అవే తీగలే సహాయానికి దారి అయ్యాయి. ఎవరు బతికున్నారు, ఎక్కడున్నారు అన్న కబుర్లు దీవి నుంచి ప్రధాన భూభాగానికి రేడియోలోనే చేరాయి. గోలలో ఒక్క అక్షరం పోకుండా వినడం, పేరు తిరిగి చదివించుకోవడం అప్పటిదాకా సరదా పనిలో రోజూ జరిగినవే.

కార్డుల విషయంలో చివరి మాట ఒకటి. అందరూ తమకు రావాల్సిన కార్డుల గురించే ఆలోచిస్తారు. తామివ్వాల్సినవి డ్రాయర్‌లో మూలుగుతుంటాయి. మన పెళ్లిళ్లలో చదివింపులు రాసే పుస్తకం లాంటిదే హామ్ లాగ్‌బుక్ కూడా: అందులో ఉన్నదంతా మనకు వచ్చిందే కాదు, మనం తిరిగి పెట్టాల్సింది కూడా. అడిగించుకోకుండా కార్డు పంపేవాడికి జవాబులూ త్వరగా వస్తాయి. దూరదేశం నుంచి కార్డు కావాలంటే తిరుగు కవరుతో పాటు స్టాంపు ఖర్చుకని డాలరు నోటు పెట్టడం హామ్‌ల ఆనవాయితీ. దానికి గ్రీన్ స్టాంప్ అని ముద్దుపేరు. అవతలివాడికి మన వల్ల ఖర్చు కాకూడదని.

మీ కింద పనిచేసి వెళ్లిపోయిన పిల్లలు అనుభవ పత్రం కోసం రెండుమూడుసార్లు ఫోన్ చేసి ఉంటారు. ట్యూషన్‌లో మీకు లెక్కలు నేర్పిన సీనియర్ ఇప్పుడు ఉద్యోగం వెతుక్కుంటూ, తన గురించి ఎవరైనా ఒక మాట రాస్తే బాగుండనుకుంటున్నాడేమో. ఏం చేశారు, ఎప్పుడు చేశారు, ఎంత బాగా చేశారు అని మూడు లైన్లు చాలు. తేదీ మాత్రం సరిగ్గా వేయండి.