కాలేయంలో కొవ్వు – కంచంలో పీచు

కాలేయం గురించి సైన్సు పాఠంలో చదువుకున్నాం. పెద్దవాళ్లలో దాదాపు ఒకటిన్నర కిలో ఉంటుంది, పైత్యరసం తయారుచేస్తుంది. పరీక్షకి అంతవరకే వస్తుంది. ఆ కాలేయంలో కొవ్వు 5 శాతం దాటితే దాన్ని ఫ్యాటీ లివర్ అంటారు.

ఇది తాగుబోతుల జబ్బని మన ఊళ్లలో అనుకుంటారు. మా మావయ్య చుక్క ముట్టడు. పట్నంలో కూర్చునే పని, మూడుపూటలా తెల్లన్నం, దాహమేస్తే కూల్‌డ్రింకు. స్కానింగులో ఫ్యాటీ లివర్ అని వచ్చేసరికి దొంగచాటుగా తాగుతున్నాడని ఊరంతా అన్నారు. డాక్టరు గారు పిలిచి చెప్పాక గానీ అత్త కూడా నమ్మలేదు. అందుకే ఇది రాస్తున్నాను. అతిగా తినడం, తీపి పానీయాలు, ఒంటికి పని లేకపోవడం, షుగరు జబ్బు, ఇవన్నీ కారణాలే. మొదట్లో నొప్పి ఉండదు. ముదిరితే కాలేయం గట్టిపడిపోతుంది. ఈ జబ్బు పాత ఇంగ్లీషు పేరులో ఆల్కహాల్ అనే మాట ఉండేది. 2023లో డాక్టర్ల సంఘాలు ఆ పేరే మార్చేశాయి.

ఇక పీచు సంగతి. అన్నం చిన్నపేగులో అరుగుతుంది. పీచు అక్కడ అరగదు, పెద్దపేగుకి పోతుంది. అక్కడ కోటానుకోట్ల సూక్ష్మజీవులున్నాయి. వాటిలో మేలుచేసేవాటిని పెంచే పీచుని ప్రీబయాటిక్ అంటారు. ఈ పేరు 1995లో పెట్టారు. ఉల్లి, వెల్లుల్లిలో ఉండే ఇనులిన్ అలాంటిదే. పప్పులు, చిక్కుడు గింజలు, పచ్చి అరటికాయ కూడా వాటికి భోజనమే. అవి దాన్ని పులియబెట్టి బ్యుటిరేట్ వంటి ఆమ్లాలు చేస్తాయి. బ్యుటిరేట్ పేగు గోడకి బలం. గోడ బలహీనపడితే సూక్ష్మజీవుల విషాలు రక్తంలోకి కారతాయి. పేగుల రక్తం ముందు కాలేయానికే పోతుంది. పై ఊరి దగ్గర గెడ్డలో బురద కలిస్తే కింద ఊరివాళ్లు తాగాల్సిందే కదా, అలాగన్నమాట.

2023లో అచ్చయిన చైనా పరిశోధన ఒకటుంది. ఈ జబ్బున్న 200 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి చిన్నపేగులో అరగని మొక్కజొన్న పిండి రోజుకి 40 గ్రాములు, నాలుగు నెలలు ఇచ్చారు. రెండో జట్టుకి మామూలు పిండి. మొదటి జట్టువాళ్ల కాలేయంలో కొవ్వు బాగా తగ్గింది. అయితే అది కొలిచి ఇచ్చిన పొడి. చద్దన్నం తింటే జబ్బు పోతుందని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. బరువు తగ్గమనే డాక్టర్లు ముందు చెప్తారు. మావయ్యకీ అదే చెప్పారు, కూల్‌డ్రింకులు మానిపించారు.

మన మెస్సులో చిక్కుడుకాయలు, ఉల్లిముక్కలు ఏరి కంచం అంచున పెట్టేవాళ్లే ఎక్కువ. చివరికి బకెట్టులో పడేది ఆ పీచే! ఇంటిదగ్గర చోడి అంబలి తాగి పెరిగినవాళ్లమే. వార్డెన్ గారికి మనవి: వారానికి రెండుసార్లయినా అంబలి పెట్టించండి. ఒకేసారి పీచు ఎక్కువ తింటే కడుపు ఉబ్బుతుంది, గ్యాసు వస్తుంది. కొద్దికొద్దిగా పెంచాలి, నీళ్లు బాగా తాగాలి. మొదటి వారం మాత్రం రాత్రిళ్లు డార్మిటరీ కిటికీలు తీసే ఉంచండి.