తమ్ముడి పేరున ఏం చేయను?

ప్రశ్న: మా తమ్ముడు పందొమ్మిదేళ్లకే హైవే మీద బైక్ ప్రమాదంలో పోయాడు. కానిస్టేబుల్ కావాలన్నది వాడి కోరిక. డిగ్రీ మానేసి నేనే ఆ పరీక్షకు చదవాలనుకుంటున్నాను. సరైనదేనా? – ఓ అన్న, కేతేపల్లి

జవాబు: డిగ్రీ మానకండి. ఆ ఉద్యోగం మీకూ ఇష్టమైతే చదువు పూర్తయ్యాక ప్రయత్నించవచ్చు. ఇష్టం లేకుంటే మాత్రం పుస్తకం తెరిచినప్పుడల్లా తమ్ముడు లేడన్న బాధే పైకొస్తుంది. ‘వాడు పోయి నేనెందుకున్నాను’ అన్న అపరాధభావం తోబుట్టువుల్లో చాలామందికి కలుగుతుంది. అది మీ తప్పు కాదు. దానికి మీ చదువును బలిపెట్టొద్దు.

తమ్ముడి పేరున ఏదైనా చేయాలనుంటే, మీ ఊరు 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది కదా, ప్రథమ చికిత్స నేర్చుకోండి. గుండె ఆగిన మనిషికి ఛాతీ మధ్యలో అరచేతి మీద అరచేయి పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. శిక్షణ తీసుకుంటేనే చేయి కుదురుతుంది. కేసుల భయంతో సాయం చేయక ఆగిపోయేవారికీ చెప్పండి: మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేరిన 134ఎ సెక్షన్ క్షతగాత్రులను ఆదుకున్నవారికి రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని వారిని బలవంతపెట్టకూడదు.

సంవత్సరీకానికి ఫ్లెక్సీ కన్నా తమ్ముడి దోస్తులకు ఐఎస్ఐ మార్కు హెల్మెట్లు కొనివ్వడమే మేలంటాను. అమ్మానాన్నల దగ్గర తమ్ముడి పేరెత్తడానికి జంకకండి, వాళ్లూ మాట్లాడాలనే చూస్తుంటారు. నిద్ర పట్టకపోయినా, బతకాలని లేదనిపించినా మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు.