నిప్పు కోసం ఒక చిన్న గది

మొదటి మాసెరాటి గ్రాన్‌టురిస్మో 2007లో జెనీవా మోటార్ షోలో బయటికొచ్చినప్పుడు జనం రెండింటికి పడిపోయారు: దాని ఒంపులకి, దాని చప్పుడుకి. ఒంపులు పినిన్‌ఫరీనా గీసినవి. చప్పుడు ఫెరారీది, ఎందుకంటే బానెట్ కింద కూర్చున్న వీ8 ఇంజను ఫెరారీ ఊరైన మారనెల్లోలో తయారై వచ్చేది. గీత ఒకరిది, గుండె ఇంకొకరిది అయితే మధ్యలో మీరు చేసిందేమిటని అడిగితే మాసెరాటివాళ్లు కాస్త ఇబ్బంది పడాల్సిందే. ఆ గీత గీసిన పినిన్‌ఫరీనాని కొనడానికి 2015 డిసెంబరులో మహీంద్రా గ్రూపు ఒప్పందం చేసుకుంది. అందులో పెద్ద వాటా టెక్ మహీంద్రాది. హైదరాబాద్ హైటెక్ సిటీలో పెద్ద క్యాంపస్ ఉన్న కంపెనీయే. ఈ కారుకీ మన ఐటీ కారిడార్‌కీ ఇలాంటి చుట్టరికాలు ఇంకొన్ని ఉన్నాయి. తయారీ వరసలో నడుస్తూ పోతే వాటంతట అవే తగులుతాయి.

పాత గ్రాన్‌టురిస్మో 2019లో ఆగిపోయింది. ఫెరారీ ఇంజన్లు ఇక రావని అప్పటికే తేలిపోయింది. 2022లో వచ్చిన రెండో గ్రాన్‌టురిస్మో కథ అందుకే బాడీతో కాక ఇంజనుతో మొదలవుతుంది.

ఆ ఇంజను పేరు నెట్టూనో. మూడు లీటర్ల వీ6, రెండు టర్బోలు, సిలిండర్ల వరసల మధ్య 90 డిగ్రీల కోణం. మొదట ఇది 2020లో వచ్చిన ఎంసీ20 అనే రెండు సీట్ల సూపర్‌కారులో, డ్రైవర్ వెనక కూర్చుంది. అక్కడ దాని శక్తి 630 హార్స్‌పవర్. అంటే లీటరుకి 210. మనం రోజూ నడిపే 1.2 లీటర్ల పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ లీటరుకి 70 ఇస్తే బాగానే ఇచ్చినట్టు.

లీటరుకి 210 రాబట్టాలంటే సిలిండర్లోకి గాలి ఎక్కువ తోయాలి, దాన్ని గట్టిగా నొక్కాలి. టర్బో గాలి తోస్తుంది, పిస్టన్ నొక్కుతుంది. నెట్టూనోలో కంప్రెషన్ 11:1. టర్బో ఉన్న ఇంజనుకి ఇది ధైర్యం చేసిన అంకె. ఇక్కడే నాకింగ్ వచ్చిపడుతుంది. ప్లగ్ దగ్గర పుట్టిన మంట సిలిండర్ అంచుకి చేరేలోగా, అంచున నొక్కుడు పడి వేడెక్కిన మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. లోపల సుత్తితో కొట్టినట్టు టకటక చప్పుడు వస్తుంది. అలాగే వదిలేస్తే పిస్టన్ పగులుతుంది. నెట్టూనో సిలిండర్ వ్యాసం 88 మిల్లీమీటర్లు. నడిమధ్యలో వెలిగిన మంట అంచుకి చేరాలంటే 44 మిల్లీమీటర్లు పాకాలి. ఆ పాకుడు ఎంత త్వరగా పూర్తయితే నాకింగ్‌కి అంత తక్కువ అవకాశం. కథంతా ఆ 44 మిల్లీమీటర్లలో ఉంది.

మాసెరాటి సొంతూరు మోడెనాలోని ఇంజనీర్లు వేసిన ఎత్తు ఇది. సిలిండర్ హెడ్‌లో నడిమధ్యన చిన్న గది కట్టారు. గదిలో ఒక స్పార్క్ ప్లగ్. గది అడుగున కొన్ని సన్నటి రంధ్రాలు, వాటి అవతల అసలు దహన గది. పిస్టన్ పైకి లేస్తున్నప్పుడు గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమంలో కొంత ఆ రంధ్రాల గుండా చిన్న గదిలోకి దూరుతుంది. ప్లగ్ వెలుగుతుంది. అంత ఇరుకులో మిశ్రమం ఒక్కసారిగా మండేసరికి ఒత్తిడి పెరిగి, ఒక్కో రంధ్రంలోంచి ఒక్కో మంట ధార కింది గదిలోకి దూసుకొస్తుంది. భోగి మంటని ఒక మూల అంటించి ఊరుకుంటే అది తీరుబడిగా పాకుతుంది, చుట్టూ నిలబడి అందరూ ఒకేసారి అంటిస్తే క్షణంలో అందుకుంటుంది. అంచున ఉన్న మిశ్రమం తనంతట తాను అంటుకునేలోపే మంట ధార దాన్ని చేరుతుంది. ఈ విద్య ఫార్ములా వన్ ఇంజన్లలో ముందే ఆరితేరినదే. దాన్ని నంబర్ ప్లేట్ ఉన్న కారులోకి, పొల్యూషన్ నిబంధనలకి లోబడి తేవడం మాత్రం వేరే సంగతి.

దీనికో లోపముంది. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, చల్లగా ఉన్నప్పుడు లోపలికొచ్చే మిశ్రమమే తక్కువ. చిన్న గదిలోంచి కాలిన పొగ పూర్తిగా బయటికి పోదు, కొత్త మిశ్రమం సరిగా చేరదు, మంట సాఫీగా అందుకోదు. అందుకని పక్కన ఇంకో మామూలు స్పార్క్ ప్లగ్ పెట్టారు. సిలిండర్‌కి రెండు చొప్పున ఆరు సిలిండర్లకి పన్నెండు ప్లగ్‌లు. పెట్రోలు కూడా రెండు దారుల్లో వస్తుంది: ఒకటి 350 బార్ ఒత్తిడితో నేరుగా సిలిండర్లోకి, ఇంకొకటి తక్కువ ఒత్తిడితో ఇన్‌టేక్ దారిలోకి. ఇంత సరంజామాని అరచేయంత చోటులో ఇమిడ్చిన ఆ సిలిండర్ హెడ్డే ఈ కారులో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం.

ఎంసీ20 కోసం ఈ ఇంజనుని మోడెనాలోని పాత మాసెరాటి ఫ్యాక్టరీలోనే చేత్తో జోడించారు. గ్రాన్‌టురిస్మో కోసం కొన్ని మార్పులు చేశారు. ఎంసీ20లో ఆయిల్ వేరే ట్యాంకులో ఉండే డ్రై సంప్ పద్ధతి ఉంది. రేస్ ట్రాక్ మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకి ఒరిగిపోకుండా ఆ ఏర్పాటు. ఇక్కడ మామూలు కార్లలాగే ఇంజను కిందే ఆయిల్ ఉంటుంది. శక్తిని కూడా తగ్గించారు: ట్రోఫియో రకంలో 550 హార్స్‌పవర్, 650 న్యూటన్ మీటర్ల టార్క్, మోడెనా అనే మెత్తటి రకంలో 490, 600. తగ్గించారని చిన్నబుచ్చుకోవాల్సిన పనిలేదు. నలుగురు కూర్చుని వందల కిలోమీటర్లు వెళ్లే బండికి కావలసింది కింది ఆర్‌పీఎంలో పట్టు.

తర్వాత ఇంజనుని కారులో కూర్చోబెట్టడం. ఎంసీ20లోలా ఇంజను డ్రైవర్ వెనకే ఉంటే వెనక సీట్లు ఉండవు, పెట్టెలకి చోటు తగ్గుతుంది. ముందు పెడితే ముక్కు బరువెక్కి, మలుపులో కారు బయటికి జారుతుంది. మధ్యేమార్గంగా ఇంజనుని వీలైనంత వెనక్కి, వీలైనంత కిందికి జరిపారు. ఆ పొడుగాటి బానెట్ సోకు కోసమే కాదు, అది ఇంజను వెనక్కి జరిగిందనడానికి గుర్తు కూడా. ఫెరారీ 812 సూపర్‌ఫాస్ట్ ఇదే లెక్కని ఇంకా మొండిగా సాధించింది. ఆరున్నర లీటర్ల వీ12 ముందు, గేర్‌బాక్స్ వెనక ఇరుసు మీద. దాంతో బరువు ముందు 47, వెనక 53 శాతంగా పడింది. లెక్క ప్రకారం అదే గొప్ప. కాకపోతే దాన్లో వెనక సీట్లు లేవు.

గ్రాన్‌టురిస్మోలో గేర్‌బాక్స్ ఇంజనుకి అంటుకునే ఉంటుంది. ఎనిమిది గేర్ల జెడ్ఎఫ్ ఆటోమేటిక్. జెడ్ఎఫ్ జర్మనీలోని ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ ఊరి కంపెనీ. 2017లో నానక్‌రామ్‌గూడలో టెక్నాలజీ సెంటర్ తెరిచింది. ఈ గేర్‌బాక్స్‌లో నాలుగు ప్లానెటరీ గేర్ సెట్లు, క్లచ్‌లూ బ్రేకులూ కలిపి ఐదు. ఏ గేర్‌లో ఉన్నా ఆ ఐదింటిలో రెండే విడిగా ఉంటాయి, మిగతా మూడూ పట్టుకుని ఉంటాయి. విడిగా ఉన్న క్లచ్ ఆయిల్లో ఊరికే తిరుగుతూ శక్తిని తింటుంది. ఎన్ని తక్కువ విడిగా ఉంటే అంత లాభం. గేర్ మార్చాలంటే ఒకటి వదిలి ఇంకొకటి పట్టుకోవడమే పని. అందుకే కుదుపు తెలియదు. అక్కడి నుంచి శక్తి నాలుగు చక్రాలకీ వెళ్తుంది.

బాడీ గురించి క్లుప్తంగానే చెప్తాను. మూడింట రెండొంతులు అల్యూమినియం, అక్కడక్కడ మెగ్నీషియం, గట్టిగా ఉండాల్సిన చోట ఉక్కు. బానెట్, రెండు ముందు మడ్‌గార్డులు కలిపి దాదాపు మూడు చదరపు మీటర్ల ఒకే రేకు. మొదట్లో కారు బిగింపంతా ట్యూరిన్‌లోని మిరాఫియోరీలో జరిగింది. పూర్తయిన ట్రోఫియో బరువు 1,795 కిలోలు. పాతదానికంటే వంద కిలోలకు పైగా తక్కువే అయినా తేలిక బండి మాత్రం కాదు.

ఇంత బరువుని, ఇంత శక్తిని కలిపి నడిపించేది ఒక కంట్రోల్ యూనిట్. ఇదివరకు బ్రేకులకి ఒక పెట్టె, సస్పెన్షన్‌కి ఒక పెట్టె, డిఫరెన్షియల్‌కి ఒకటి అన్నట్టు దేని పని అది చేసుకునేది. ఒకటి చేసింది ఇంకొకటి తర్వాత సరిదిద్దేది. మాసెరాటి సొంతంగా తయారుచేసిన ఈ యూనిట్ కారు కదలికల్ని ఆరు రకాలుగా చూస్తుంది: ముందుకీ వెనక్కీ, పక్కలకీ, పైకీ కిందికీ, పక్కకి ఒరగడం, ముక్కు వంచడం, గిర్రున తిరగడం. డ్రైవర్ స్టీరింగ్ తిప్పిన మరుక్షణం ఎయిర్ సస్పెన్షన్, బ్రేకులు, వెనక ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్, ఇంజను టార్క్ అన్నింటికీ కలిపి లెక్క వేసి ఆజ్ఞలిస్తుంది.

దీని అవసరం ఎంతో చిన్న లెక్కతో చూడొచ్చు. ట్రోఫియో 100 కి.మీ. వేగాన్ని 3.5 సెకన్లలో అందుకుంటుంది. డ్రైవర్‌తో కలిపి 1,870 కిలోల బండికి ఆ వేగం రావడానికి పట్టే శక్తిని సెకన్లతో భాగిస్తే సగటున 280 హార్స్‌పవర్ వస్తుంది. మరి 550 ఏమైనట్టు? తక్కువ వేగంలో టైరు పట్టే హద్దు. 30 కి.మీ. వేగంలో, నాలుగు టైర్లూ కారు బరువంత బలంతో రోడ్డుని పట్టుకున్నా, వాడుకోగలిగేది 200 హార్స్‌పవర్‌కి అటూ ఇటూ. అంతకు మించి ఇస్తే చక్రం అక్కడే తిరుగుతుంది, రబ్బరు కాలుతుంది. ఏ క్షణాన ఎంత బిగబట్టాలో, ఎంత వదలాలో తేల్చేది సాఫ్ట్‌వేరే. మాసెరాటి మాతృసంస్థ ఫియట్ క్రైస్లర్ 2020 డిసెంబరులో 15 కోట్ల డాలర్లతో హైదరాబాద్‌లో డిజిటల్ హబ్ పెడుతున్నట్టు ప్రకటించింది. మరుసటి నెలలోనే అది స్టెల్లాంటిస్‌లో కలిసింది. ఈ కారు కోడ్ మన ఊళ్లో రాశారని నేననడం లేదు. కార్ల కంపెనీలు ఫౌండ్రీలకి వెతికినట్టే ఇప్పుడు కోడ్ రాసేవాళ్ల కోసం ఊళ్లు వెతుకుతున్నాయని మాత్రం అంటున్నాను.

ఇదే బాడీలో ఇంజను లేని రకమూ ఉంది, దాని పేరు ఫోల్గోరే. మూడు మోటార్లు, 800 వోల్టుల వ్యవస్థ, 92.5 కిలోవాట్ అవర్ బ్యాటరీ. మామూలుగా ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీని సీట్ల కింద పరిచేస్తారు, దాంతో సీట్లు ఎత్తుకి లేస్తాయి. ఇక్కడ ఇంజను, సీట్ల మధ్య సొరంగం ఉండే చోట ఇంగ్లిషు టీ ఆకారంలో పేర్చారు. సీటు నేలబారుగానే ఉండిపోయింది. 100 కి.మీ. వేగం 2.7 సెకన్లలో. మాసెరాటి ఎలక్ట్రిక్ వైపు మొగ్గిన ఆ రోజుల్లోనే, 2023 ఫిబ్రవరి 11న, హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. 1957 తర్వాత మళ్లీ సింగిల్ సీటర్ పోటీల్లోకి వచ్చిన మాసెరాటి జట్టు అందులో పరుగెత్తింది. సచివాలయం పక్కన ఆ రోజు మాసెరాటి త్రిశూలం గుర్తు చూసిన జనానికి ఇంజను చప్పుడు మాత్రం వినపడలేదు.

2024 ఆగస్టులో పెట్రోలు గ్రాన్‌టురిస్మో మన దేశానికొచ్చింది. అప్పటి షోరూం ధర మోడెనాకి రూ. 2.72 కోట్లు, ట్రోఫియోకి రూ. 2.90 కోట్లు. ఇక మిగిలింది మన గాలి. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు. గాలి పలచబడుతుంది. టర్బో లేని వీ12కి ఇది సూటిగా తగులుతుంది: ఇంజను శక్తిని కొలిచే ప్రామాణిక సూత్రం ప్రకారం 7, 8 శాతం తగ్గుతుంది. 800 హార్స్‌పవర్ ఫెరారీ గచ్చిబౌలిలో 740కి దిగుతుందన్నమాట. నెట్టూనోలో టర్బోలు ఇంకాస్త వేగంగా తిరిగి ఆ లోటు పూడుస్తాయి. కాకపోతే అలా నొక్కిన గాలి మరింత వేడెక్కుతుంది, ఇంటర్‌కూలర్ మీద భారం పడుతుంది, నాకింగ్ దగ్గరికొస్తుంది. ఆ 44 మిల్లీమీటర్ల పందెం మన ఎండలో ఇంకా బిగుసుకుంటుంది. బంకులో ఎక్కువ ఆక్టేన్ ఉన్న ప్రీమియం పెట్రోలే కొట్టించాలి. లేకపోతే కంప్యూటర్ స్పార్క్‌ని ఆలస్యం చేసి ఇంజనుని కాపాడుకుంటుంది, కొన్న శక్తిలో కొంత చేతికి రాదు.

సాయంత్రం ఏడింటికి బయోడైవర్సిటీ జంక్షన్‌లో ఇవేవీ పనికిరావు. అక్కడ పాకుతున్నంత సేపూ పని చేసేది పక్కనున్న మామూలు స్పార్క్ ప్లగ్గే. స్పీడ్ బ్రేకర్ వస్తే మీట నొక్కి ఎయిర్ సస్పెన్షన్‌తో కారుని ఎత్తుకోవాలి. ఔటర్ రింగ్ రోడ్డెక్కితే గరిష్ఠ పరిమితి 120 కి.మీ. గాలి నిరోధక గుణకం 0.28 ఉన్న ఈ బాడీ సమతలం మీద ఆ వేగంలో నిలకడగా సాగడానికి నా లెక్కన 30 హార్స్‌పవర్ చాలు. అంత తేలిక పనికి కుడి వైపు మూడు సిలిండర్లని ఆపేసి ఎడమ వైపు మూడింటితో నడిచే ఏర్పాటు ఇంజనులోనే ఉంది. మిగతా 520 చూడాలంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ దాకా వెళ్లాలి. దారిలో ప్రీమియం పెట్రోలు ఏ బంకులో దొరుకుతుందో ముందే చూసుకుని బయల్దేరడం మంచిది.