ఇబ్నుల్ హైసమ్ గ్రంథాన్ని కాపాడిన చేతులు

కాంతిని పరిశోధించిన మహా శాస్త్రవేత్త ఇబ్నుల్ హైసమ్ సుమారు 965లో బస్రాలో జన్మించారు. సుమారు 1040లో కైరోలో కన్నుమూశారు. కంటి నుంచి కిరణాలు వెళ్లి వస్తువును తాకితేనే చూపు కలుగుతుందని అంతకుముందు చాలామంది పండితులు నమ్మేవారు. వస్తువు నుంచి వచ్చే వెలుగు కంటిని చేరితేనే మనం చూడగలమని ఆయన వివరించారు. చీకటి గది రంధ్రానికి ఎదురుగా, బయట వేర్వేరు చోట్ల దీపాలు పెడితే లోపలి గోడ మీద అన్ని వెలుగు మచ్చలు పడతాయి. ఒక దీపాన్ని మూస్తే దాని మచ్చ ఒక్కటే పోతుంది. ఒకే రంధ్రం గుండా వచ్చినా వెలుగులు ఒకదానిలో ఒకటి కలిసిపోవని ఆయన ఇలా చూపించారు.

ఇవన్నీ ఏడు భాగాల 'కితాబుల్ మనాజిర్'లో ఉన్నాయి. ఆయన యూక్లిడ్, టాలెమీ గ్రంథాలకు నకళ్లు రాసి జీవనం గడిపారని పాత చరిత్రకారులు చెబుతారు. ఆయన సొంత గ్రంథం కూడా నకళ్ల వల్లే మిగిలింది. 11వ శతాబ్దంలో ఆయన అల్లుడు బస్రాలో రాసిన ప్రతి నేడు ఇస్తాంబుల్‌లో భద్రంగా ఉంది.

ఈ గ్రంథం లాటిన్ అనువాదం 1572లో బాసెల్‌లో అచ్చయింది. అయితే అందులో మొదటి మూడు అధ్యాయాలు లేవు. తన పరిశోధన పద్ధతిని ఆయన చెప్పుకున్న ముందుమాట వాటిలోనే ఉంది. అరబీ ప్రతులు చెదల పాలై ఉంటే ఆ మాటలు మనకు దక్కేవి కావు.

ఈ సేవలో హైదరాబాద్‌కూ వాటా ఉంది. ఇరాన్‌కు చెందిన కమాలుద్దీన్ ఫార్సీకి గురువు కుతుబుద్దీన్ షీరాజీ దూరదేశం నుంచి ఈ గ్రంథాన్ని తెప్పించి ఇచ్చారు. శిష్యుడు దానిపై 'తన్ఖీహుల్ మనాజిర్' అనే వ్యాఖ్య రాసి, నీళ్లు నింపిన గాజు గోళం సాయంతో ఇంద్రధనుస్సు ఎలా ఏర్పడుతుందో వివరించారు. ఆ వ్యాఖ్యను 1928-30లో హైదరాబాద్ దాయిరతుల్ మఆరిఫ్ అచ్చు వేసింది. మూలగ్రంథంలోని మొదటి మూడు భాగాలు అరబీలో అచ్చయింది 1983లో, కువైట్‌లో. అంటే యాభై ఏళ్లకు పైగా ముందే ఆ విద్యను మన నగరం పండితుల చేతికి అందించింది.

నకలు రాసినవారు, తెప్పించి ఇచ్చినవారు, అచ్చు వేసినవారు, దాచినవారు: వీరిలో ఏ ఒక్కరు లేకపోయినా ఈ గొలుసు తెగిపోయేది. ప్రయోజనకరమైన విద్య సదఖా జారియా అని మనకు తెలుసు. అందుకే దాతలకు మా మనవి: మీ సదఖాలో కొంత పుస్తకాలకూ, చదువుకునే పిల్లలకూ కేటాయించండి. ఇంట్లో, మసీదు అల్మారాలో ఉన్న పాత చేతిరాత గ్రంథాలను చిత్తు కాగితాలుగా భావించకండి. తడి తగలకుండా దాచి, తెలిసినవారికి చూపించండి. వాటిలో ఏముందో చదివి చూస్తేనే తెలుస్తుంది.