లారీ గేరుపెట్టెలో నూనె చూచు విధము

విద్యార్థులారా! సాలూరునుండి సుంకి ఘాటుమీదుగా కోరాపుట్టునకు వచ్చు 26వ జాతీయ రహదారిని మీలో పలువురెరుగుదురు. మైదానమున బయలుదేరిన ఆ దారి మలుపులు తిరుగుచు కొండలెక్కి, సుమారు 870 మీటర్ల యెత్తుననున్న కోరాపుట్టును చేరును. బరువుతోనున్న లారీ ఆ యెగుడున కదలక నిలిచినచో దానికే గాక వెనుక వచ్చు బండ్లకును అపాయమే. గేరుపెట్టెలో నూనె తగ్గుటయు అందుకొక కారణము. ఆ నూనెను పరీక్షించు పద్ధతిని మేమిచ్చట వివరించుచున్నాము.

చేతితో గేరు మార్చు లారీలలో ఈ పని సులభము. బండిని సమతలమున నిలిపి, ఇంజను ఆపి, కొంతసేపటికి గేరుపెట్టె ప్రక్కనున్న బిరడాను విప్పవలెను. నూనె సాధారణముగా ఆ రంధ్రపు అంచువరకు ఉండవలెను.

ఆటోమేటిక్ గేరుపెట్టె సంగతి వేరు. బాక్సైటు మొదలగు ఖనిజములను గనులలో మోయు పెద్ద డంపరులలోను, కొన్ని లారీలలోను, బస్సులలోను ఇది యుండును. ఇందు ఇంజనుకును గేరులకును నడుమ టార్క్ కన్వర్టరు అను భాగము కలదు. దీనికి మూలమైన యంత్రమునకు జర్మను ఇంజనీరు హెర్మన్ ఫ్యోటింగర్ 1905లో పేటెంటు పొందెను. రెండు ఫ్యానులను ఎదురెదురుగా నుంచి ఒకదానిని నడిపినచో, దాని గాలికి రెండవదియు తిరుగును. అట్లే ఇంజను త్రిప్పు చక్రము నూనెను విసరగా, ఆ నూనె రెండవ చక్రమును త్రిప్పును.

కావున ఈ నూనెకు పనులు నాలుగు: శక్తిని మోయుట, ఒత్తిడితో లోపలి క్లచ్చీలను బిగించుట, గేరుల పండ్లకు కందెనయగుట, వేడిని వెలుపలికి కొనిపోవుట. నూనె తగ్గినచో పంపు గాలిని పీల్చును. ఒత్తిడి పడిపోయి క్లచ్చీలు జారి మాడును. హెచ్చినచో తిరుగు భాగములు దానిని చిలికి నురుగు చేయును. నురుగులో గాలి యుండుటచే అప్పుడును ఒత్తిడి నిలువదు. ఎక్కువైనను తక్కువైనను నష్టమొక్కటియే.

పరీక్షించు క్రమమిది:

1. బండిని సమతలమున నిలిపి, పార్కింగు బ్రేకు వేసి, చక్రములకు అడ్డుదిమ్మెలు పెట్టవలెను.

2. ఇంజను నెమ్మదిగా తిరుగుచుండగా కాలిబ్రేకు నొక్కి, గేరును డ్రైవునకును రివర్సునకును మార్చి, తుదకు న్యూట్రలునకు తేవలెను. అప్పుడు లోపలి దారులు నూనెతో నిండును.

3. కొలత పుల్ల చుట్టునున్న ధూళిని తుడిచి, పుల్లను వెలికితీసి, పోగులు రాలని గుడ్డతో శుభ్రపరచి, పూర్తిగా దింపి మరల తీయవలెను. రెండుమారులును ఒకే కొలత రావలెను.

4. చల్లని గీతల నడుమ నూనె యున్నచో బండిని నడుపవచ్చునని మాత్రమే అర్థము. వేడికి నూనె వ్యాకోచించును గనుక అసలు కొలత వేడిమీదనే చూడవలెను. ఆలిసన్ గేరుపెట్టెలు పెక్కింటికి ఆ వేడి 71 నుండి 93 సెంటీగ్రేడు డిగ్రీలు. చల్లగా నున్నప్పుడే వేడి గీతవరకు పోసినచో, ఘాటు ఎక్కునప్పటికి నూనె హెచ్చగును.

5. తగ్గినచో గరాటుతో కొంచెము కొంచెముగా పోయుచు కొలువవలెను. తయారీదారు పుస్తకమున చెప్పిన నూనెనే వాడవలెను. ఎఱ్ఱగా నున్న నూనెలన్నియు ఒకటి కావు.

ఇంజను తిరుగుచుండగా చేయు పని గనుక ఫ్యానుకును బెల్టుకును దూరముగా నుండవలెను. నేర్చినవారు ప్రక్కన లేక విద్యార్థులు దీనికి పూనుకొనరాదు.

పుల్లమీది నూనె రంగును, వాసనను గూడ గమనింపవలెను. నల్లబడి మాడువాసన వచ్చినచో క్లచ్చీలు కాలియుండవచ్చును; పాలవలె తెల్లబడినచో నీరు కలసినది. క్రొత్త నూనె పోసినంతమాత్రమున ఈ దోషములు పోవు.

తుదకొక ముఖ్య విషయము. ఈ నూనె డీజిలువలె బండి నడచుకొలది వ్యయమగునది కాదు. అది తగ్గినదనగా చాలవరకు ఎక్కడో కారుచున్నదని తెలియవలెను. కారు చోటును వెదకి బాగుచేయక, నూనె మాత్రము పోసి ఘాటు ఎక్కించు డ్రైవరు తన ప్రాణమును, ప్రక్కనున్న క్లీనరు ప్రాణమును ఆ కారు చుక్కలకు అప్పగించినవాడగును.