పులుపు పని వేరు, వాసన పని వేరు

వేసవి వచ్చిందంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కూడళ్ళలో బత్తాయి రసం బళ్ళు బారులు తీరుతాయి. బండివాడు పండు తొక్కు ఒలుస్తాడు, రసం తీస్తాడు, గ్లాసు మన చేతికిస్తాడు. బండి పక్కన తొక్కుల గుట్ట పెరుగుతూ ఉంటుంది. రసం మన కడుపులోకి, తొక్కులు చెత్తకుప్పలోకి!

మరి మనం తాగే రసంలో ఏముంది? పారేసే తొక్కులో ఏముంది? రెండూ ఒకే పండులోవి కదా, ఒకదాని బదులు మరొకటి వాడవచ్చునా? ఈ ప్రశ్నలకు జవాబు మన వంటింట్లోనే దొరుకుతుంది. అందుకోసం ఒక తినుబండారం తయారుచేద్దాం. దాని పేరు స్కోన్.

స్కోన్ అంటే ఏమిటి?

స్కోన్ బన్నుకూ బిస్కెట్టుకూ మధ్యరకం. పైన కాస్త గట్టిగా, లోపల మెత్తగా ఉంటుంది. దీని పుట్టిల్లు స్కాట్లండు. గావిన్ డగ్లస్ అనే స్కాటిష్ కవి 1513లో ఈ పేరు వాడాడు. ఆ రోజుల్లో స్కోన్ పొంగేది కాదు. ఓట్స్ పిండిని తట్టి, ఇనుప పెనం మీద కాల్చి, ముక్కలుగా కోసుకొనేవారు. ఒక రకంగా అది వాళ్ళ జొన్నరొట్టె అన్నమాట.

ఆ రొట్టె పొంగడం ఎలా నేర్చింది? దానికి వంటసోడా కావలసివచ్చింది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఆయన భార్యకు ఈస్టుతో చేసిన రొట్టె పడేది కాదు. ఆమె కోసం ఆయన 1843లో ఈస్టు లేకుండానే రొట్టెను పొంగించే పొడిని తయారుచేశాడు. అదే బేకింగ్ పౌడర్. అందులో ఉన్నవి ముఖ్యంగా రెండే: సోడా, ఒక పుల్లని పదార్థం.

మన ఇడ్లీపిండి పొంగడానికి ఒక రాత్రి పడుతుంది. ఎందుకంటే అక్కడ వాయువును తయారుచేసేవి సూక్ష్మజీవులు. సోడాకు, పులుపుకు అంత సమయం అక్కరలేదు. అవి తడిలో కలిసిన క్షణంలోనే పని మొదలవుతుంది.

మొదటి ప్రయోగం: ఏ రసానికి బలం ఎక్కువ?

రెండు చిన్న సీసాలు, రెండు బుడగలు తీసుకోండి. మొదటి సీసాలో 3 చిన్న చెంచాల నిమ్మరసం, రెండో సీసాలో 3 చిన్న చెంచాల బత్తాయి రసం పోయండి. ఒక్కొక్క బుడగలో పావు చెంచా తినే సోడా వేయండి. సోడా జారకుండా బుడగ మూతిని సీసా మూతికి బిగించండి. ఇప్పుడు రెండు బుడగలనూ ఒకేసారి పైకెత్తి సోడాను రసంలో పడనివ్వండి.

నిమ్మరసం సీసా బుసబుసమని పొంగుతుంది, బుడగ లేచి నిలబడుతుంది. బత్తాయి సీసాలో కొంచెం నురగ వచ్చి ఆగిపోతుంది. బుడగ సగం కూడా నిండదు. రసాలు రెండూ ఒకే కొలత, సోడా ఒకే కొలత. మరి ఈ తేడా ఎందుకు?

తినే సోడా అసలు పేరు సోడియం బైకార్బొనేట్. ఇది క్షారస్వభావం కలది. నిమ్మ, బత్తాయి రసాల పులుపుకు ముఖ్య కారణం సిట్రిక్ ఆమ్లం. దీన్ని 1784లో స్వీడన్ దేశపు షీలే నిమ్మరసం నుంచి మొదటిసారిగా స్ఫటికాల రూపంలో వేరుచేశాడు. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు పేరుతో దొరికేది ఇదే. సోడా, సిట్రిక్ ఆమ్లం కలిస్తే జరిగేది ఇది:

సిట్రిక్ ఆమ్లం + సోడియం బైకార్బొనేట్ → సోడియం సిట్రేట్ + నీరు + కార్బన్ డై ఆక్సైడ్

బుడగను నింపింది ఆ కార్బన్ డై ఆక్సైడే. పాత పుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు అన్నది దీన్నే.

ఇప్పుడు లెక్క చూడండి. 100 మిల్లీలీటర్ల నిమ్మరసంలో సుమారు 6 గ్రాముల సిట్రిక్ ఆమ్లం ఉంటుంది. అంతే బత్తాయి రసంలో 1 గ్రాము కూడా ఉండదు, సుమారు 0.7 గ్రాము అనుకోండి. అంటే నిమ్మరసం పులుపు బత్తాయి పులుపుకు ఎనిమిది రెట్లకు పైమాటే! పండు పండుకూ ఈ అంకెలు కొద్దిగా మారుతాయి గాని, తేడా మాత్రం ఇంత పెద్దదే.

పొంగడానికి ఎంత పులుపు కావాలి?

200 గ్రాముల పిండితో స్కోన్లు చేయడానికి సుమారు 2 గ్రాముల సోడా చాలు. 2 గ్రాముల సోడా అంతా ఖర్చుకావాలంటే సుమారు 1.5 గ్రాముల సిట్రిక్ ఆమ్లం కావాలి. అప్పుడు అర లీటరుకు పైగా వాయువు వస్తుంది. 1.5 గ్రాముల ఆమ్లం 25 మిల్లీలీటర్ల నిమ్మరసంలో ఉంది, అంటే రెండు కాయలు పిండితే చాలు. అదే బత్తాయి రసమైతే 200 మిల్లీలీటర్లకు పైగా పోయాలి. 200 గ్రాముల పిండిని ముద్దచేయడానికి 100 మిల్లీలీటర్ల ద్రవమే ఎక్కువ. అంత రసం పోస్తే అది స్కోన్ పిండి కాదు, దోసెల పిండి!

సరే, 100 మిల్లీలీటర్ల బత్తాయి రసమే పోసి ఊరుకుంటే? సోడాలో సగానికి పైగా ఆమ్లం అందక మిగిలిపోతుంది. వేడికి అది కొంత వాయువును ఇస్తుంది కాని, ఆమ్లంతో కలిసినప్పుడు వచ్చే దానిలో సగమే. పైగా సోడియం కార్బొనేట్‌ను, అంటే బట్టల సోడాను, మిగిల్చిపోతుంది. నోట్లో పెట్టుకుంటే సబ్బు రుచి. పిండి కూడా పచ్చబడుతుంది. ఎందుకంటే గోధుమపిండిలో సహజంగా ఉండే కొన్ని రంగు పదార్థాలు క్షారం తగిలితే పసుపుపచ్చగా మారతాయి. బత్తాయి రసం వల్ల వచ్చిన రంగు కాబోలు అని మోసపోకండి.

నిజం తేల్చడానికి సాక్షి మన పోపులడబ్బాలోనే ఉంది. పెళ్ళిళ్ళలో కాళ్ళకు పూసే పారాణి ఎలా చేస్తారు? పసుపులో సున్నం కలుపుతారు, ఎర్రబడుతుంది. సున్నం క్షారం. పసుపు క్షారాన్ని పట్టిచ్చే సూచిక. కాల్చిన స్కోన్ ముక్క మీద ఒక చుక్క పసుపునీళ్ళు వేయండి. పసుపు పసుపుగానే ఉంటే సోడా పూర్తిగా ఖర్చయినట్టు. ఇటుకరంగు తిరిగితే సోడా మిగిలిపోయినట్టు.

అయితే బత్తాయి పనికిరానిదా?

తొందరపడి ఆ మాట అనకండి. తెలంగాణలో బత్తాయికి పేరుపడింది మన నల్లగొండ ప్రాంతమే. ఇక్కడ పెంచేది ముఖ్యంగా సాత్‌గుడి రకం. అనంతపురం వైపు వెళ్తే ఈ పండునే చీనీ అంటారు. దీని శాస్త్రీయ నామం సిట్రస్ సైనెన్సిస్. సైనెన్సిస్ అంటే చీనా దేశానిది అని అర్థం.

బత్తాయి తొక్కును వెలుతురులో పట్టి చూడండి. సన్నని చుక్కలు కనిపిస్తాయి. ఒక్కొక్క చుక్కా ఒక నూనె తిత్తి. తొక్కును మడిచి నొక్కితే సన్నని తుంపర లేస్తుంది, గది అంతా ఘుమఘుమలాడుతుంది. కంట్లో పడితే మండుతుంది కనుక ముఖానికి దూరంగా నొక్కండి. ఈ నూనెలో నూటికి 90 పాళ్ళకు పైగా లిమొనీన్ అనే పదార్థం ఉంటుంది. గట్టిగా ఊదిన రబ్బరు బుడగ మీద ఈ తుంపర పడనివ్వండి. చాలాసార్లు బుడగ ఠప్పున పేలిపోతుంది! లిమొనీన్ రబ్బరును మెత్తబరచి బలహీనం చేస్తుంది.

లిమొనీన్ నీటిలో దాదాపు కరగదు. కొవ్వులో బాగా కరుగుతుంది. అందుకే తొక్కు తురుమును వెన్నతో కలిపి పిండికి పట్టిస్తే వాసన పిండిలో నిలుస్తుంది. రసంలో ఈ నూనె చాలా తక్కువ, కాల్చేటప్పుడు ఆ కాస్తా పోతుంది. కనుక రసం ఎంత పోసినా స్కోన్‌కు బత్తాయి వాసన రాదు. అది తొక్కు పని! అయితే పైపొర మాత్రమే తురమాలి. లోపలి తెల్లపొర చేదు.

ఇక్కడి బియ్యప్పిండితో చేయకూడదా?

నాగార్జునసాగర్ ఎడమ కాలువకు 1967లో నీళ్ళు వదిలారు. ఆ తర్వాత మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలు వరిపొలాలతో నిండిపోయాయి. మిర్యాలగూడ బియ్యం మిల్లులకు ప్రసిద్ధి. మరి స్కోన్‌కు గోధుమపిండే ఎందుకు? గోధుమపిండి ముద్దను నీళ్ళగిన్నెలో పిసుకుతూ కడగండి. తెల్లని గంజి పోయాక చేతిలో రబ్బరులా సాగే ముద్ద మిగులుతుంది. అది గ్లూటెన్, గోధుమలోని మాంసకృత్తుల వల. వాయువు బుడగలు తప్పించుకుపోకుండా పట్టేది ఈ వలే. బియ్యప్పిండి ముద్దను కడిగితే చేతిలో ఏమీ మిగలదు. వల లేని చోట వాయువు నిలవదు.

కాని ఎక్కువ పిసికితే వల మరీ బిగిసి స్కోన్ గట్టిపడుతుంది. పూరీపిండిలా మర్దించకండి, ముద్దకట్టగానే ఆపండి.

తయారుచేసే పద్ధతి

కావలసినవి: మైదా లేదా గోధుమపిండి 200 గ్రాములు, వెన్న 50 గ్రాములు, చక్కెర 3 పెద్ద చెంచాలు, తినే సోడా చిన్న చెంచాలో సగం కన్నా కొంచెం తక్కువ, చిటికెడు ఉప్పు, రెండు బత్తాయిల పైతొక్కు తురుము, 25 మిల్లీలీటర్ల నిమ్మరసం, 75 మిల్లీలీటర్ల చల్లని పాలు. పొయ్యి దగ్గర పని పెద్దల సాయంతోనే చేయాలి.

1. బత్తాయిలను బాగా రుద్ది కడగండి. తోటలో కొట్టిన మందులు తొక్కు మీద ఉండవచ్చు.

2. మరమరాలు వేయించేవారి బట్టీ చూశారు కదా, అందులో ఇసుక వేడిని అంతటా సమంగా పంచుతుంది. మన ఓవెన్ కూడా అలాంటిదే. మందపాటి గిన్నెలో రెండంగుళాల ఎత్తున శుభ్రమైన పొడి ఇసుక పోసి, మధ్యలో చిన్న స్టాండు పెట్టి, మూతపెట్టి, 15 నిమిషాలు మధ్యస్థమైన మంట మీద వేడిచేయండి.

3. పిండి, సోడా, ఉప్పు పొడిగానే జల్లించి కలపండి. చక్కెర, తొక్కు తురుము చేర్చండి. చల్లని వెన్నను వేళ్ళతో నలిపి రవ్వలా చేయండి. వెన్న కరగకూడదు. ఎండాకాలమైతే వెన్నగిన్నెను ముందుగా చల్లని నీళ్ళలో ఉంచండి.

4. అంతా సిద్ధమయ్యాక, చిట్టచివర పాలు, నిమ్మరసం పోయండి. పాలు విరిగినా పర్వాలేదు. వెంటనే ముద్దచేసి, అంగుళం మందాన తట్టి, ఆరు ముక్కలుగా కోయండి. ఆలస్యం చేస్తే వాయువు గాలిలో కలిసిపోతుంది.

5. వెన్న రాసిన పళ్ళెంలో ముక్కలు పేర్చి, స్టాండు మీద పెట్టి మూతవేయండి. 20 నుంచి 25 నిమిషాల్లో కాలుతాయి. పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు. అడుగు ఎర్రబడుతుంది గాని, పైభాగం అంతగా రంగు తేలదు.

రెండో ప్రయోగం: ఒక్కదాన్నే మార్చండి

ఈసారి కొలతలు మూడో వంతుకు తగ్గించి మూడు రకాలు చేయండి.

మొదటిది: నిమ్మరసం, పాలు, బత్తాయి తొక్కు.
రెండవది: నిమ్మరసం, పాలు, తొక్కు లేకుండా.
మూడవది: నిమ్మరసం, పాలు రెండింటికి బదులు అంతే కొలత బత్తాయి రసం, తొక్కు లేకుండా.

ఎత్తును స్కేలుతో కొలవండి. వాసన చూడండి. పసుపునీళ్ళతో పరీక్షించండి. ఏది ఏ రకమో చెప్పకుండా ఇంట్లో వాళ్ళకు రుచి చూపించి, వాళ్ళు చెప్పింది పట్టికలో రాయండి. మొదటిదాన్ని రెండవదానితో పోల్చితే తొక్కు చేసే పని తెలుస్తుంది. రెండవదాన్ని మూడవదానితో పోల్చితే పులుపు చేసే పని తెలుస్తుంది. మొదటిదాన్ని, మూడవదాన్ని మాత్రమే చేసి ఉంటే రసం, తొక్కు రెండూ ఒకేసారి మారిపోయేవి. తేడా దేనివల్ల వచ్చిందో చెప్పలేకపోయేవాళ్ళం. ప్రయోగశాల అయినా, వంటిల్లయినా పద్ధతి ఒక్కటే: ఒకసారికి ఒక్కదాన్నే మార్చాలి.

ఆలోచించండి

1. 3 గ్రాముల సోడా వాడితే ఎంత నిమ్మరసం కావాలి?
2. నిమ్మరసం బదులు పుల్లని మజ్జిగ వాడవచ్చా? అందులో ఉండే ఆమ్లం ఏది?
3. పిండి ముద్ద గంటసేపు పక్కన పెట్టి కాల్చితే స్కోన్ ఎలా ఉంటుంది? ఎందుకు?

జవాబులు మీరే రాబట్టండి. ఈసారి బత్తాయి రసం తాగినప్పుడు బండి పక్కనున్న తొక్కుల గుట్టను ఒకసారి చూడండి. పండులోని సువాసనలో ఎక్కువ భాగం ఆ గుట్టలోనే ఉంది.